లినక్స్ వెబ్ సర్వర్లో మెమరీ ఎక్కడికి పోతోంది? క్యాష్‌ను, నిజమైన కొరతను వేరు చేసి చూసే మార్గదర్శి

పాత తెలుగు పత్రికల సంచికలను స్కాన్ చేసి పెట్టిన ఒక సైటును కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. 4 జీబీ మెమరీ ఉన్న అద్దె సర్వర్, దాని మీద డెబియన్ లినక్స్, ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, మరియాడీబీ డేటాబేసు. ఆ బాధ్యత నా చేతికి వచ్చిన రోజున సర్వర్లో ఒక క్రాన్ పని (నిర్ణీత వేళకు దానంతట అదే నడిచేది) కనిపించింది. గంటకోసారి అది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) క్యాష్ మొత్తాన్ని, అంటే డిస్క్ నుంచి చదివి మెమరీలో ఉంచుకున్నదాన్ని, ఖాళీ చేస్తోంది. మెమరీ ఎప్పుడు చూసినా 95 శాతం నిండి ఉంటోందని భయపడి ఎవరో పెట్టారు. దాని పుణ్యాన ప్రతి గంట మొదట్లోనూ సైటు కొన్ని నిమిషాల పాటు ఈడుస్తూ నడిచేది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోయింది. ఉగాది నాడు పాఠకులు ఒక్కసారిగా వచ్చేసరికి డేటాబేసు కూలిపోయింది. క్యాష్ ఖాళీ చేసే పని అప్పటికి అరగంట ముందే జరిగి ఉంది.

నింద క్యాష్ మీద పడింది, తప్పు వర్కర్ల (పాఠకుల అభ్యర్థనలను తీర్చే పీహెచ్‌పీ ప్రోగ్రాము ప్రతుల) లెక్కలో ఉంది. ఇలాంటి పొరపాటు చాలా సర్వర్లలో చూశాను. అందుకే అంచెలంచెలుగా, ఎవరి సర్వర్ మీద వారు చేసి చూసుకునేలా ఈ పద్ధతిని రాస్తున్నాను. ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి అంచె: ఫ్రీ ఆదేశం చెప్పేది సరిగా చదవడం

సర్వర్లోకి లాగిన్ అయి "ఫ్రీ" అనే ఆదేశానికి హైఫన్, ఎం జోడించి నడపండి. అంకెలు ఎంబీల్లో వస్తాయి. 4 జీబీ సర్వర్లో సుమారుగా ఇలా ఉంటుంది:

టోటల్: 3915
యూజ్డ్: 1780
ఫ్రీ: 142
షేర్డ్: 160
బఫ్/క్యాష్: 1993
అవైలబుల్: 1790

చూపు ముందుగా ఫ్రీ దగ్గర ఆగుతుంది. 3915లో మిగిలింది 142 ఎంబీయేనా అని గుండె జారుతుంది. కానీ ఫ్రీ అంటే ఇంతవరకూ ఎవరూ ఏ పనికీ వాడుకోని మెమరీ అని మాత్రమే అర్థం. కొన్ని రోజులుగా నడుస్తున్న ఆరోగ్యకరమైన సర్వర్లో ఈ అంకె చిన్నదిగానే ఉండాలి. డబ్బు పెట్టి కొన్న మెమరీ ఊరికే పడి ఉంటే ఎవరికి లాభం?

మన వంటింట్లో అటక మీద గుండిగ ఉంటుంది. పండుగ వంటకు దాన్ని దింపుతాం. వంట అయ్యాక గట్టు మీద చోటుంటే అక్కడే ఉంచుతాం, రేపు మళ్లీ కావాలేమో అని. ఆ చోటు వేరే పనికి అవసరమైనప్పుడే అటక ఎక్కిస్తాం. కెర్నల్ చేసేదీ అదే. డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైలు ముక్కలను మెమరీలోనే ఉంచుతుంది. ఆ చోటు ఏ ప్రోగ్రాముకైనా కావలసి వస్తే, మార్పులు లేని ముక్కను వెంటనే వదిలేస్తుంది, ఎందుకంటే దాని అసలు ప్రతి డిస్క్ మీద భద్రంగా ఉంది. బఫ్/క్యాష్ వరుసలో కనిపించే 1993 ఎంబీలో ఎక్కువ భాగం ఇదే.

మీరు చూడవలసిన అంకె అవైలబుల్. కొత్త ప్రోగ్రాములకు, స్వాప్ (మెమరీ చాలనప్పుడు అందులోని ముక్కలను దాచే డిస్క్ భాగం) జోలికి పోకుండా ఎంత ఇవ్వగలనన్నది కెర్నల్ వేసుకునే అంచనా అది. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి ఈ అంచనాను కెర్నలే నేరుగా ఇస్తోంది. అంతకుముందు ఫ్రీ, బఫర్లు, క్యాష్ మూడూ కూడి చూసుకునేవాళ్లం. ఆ కూడిక ఉన్నదానికంటే ఎక్కువ చూపించేది. క్యాష్‌లో వదిలించుకోలేని భాగాలు కూడా ఉంటాయి కదా. అవైలబుల్ వాటిని తీసేసి, అత్యవసరానికి కెర్నల్ దాచుకునే నిల్వను కూడా మినహాయించి చెబుతుంది.

ఒక చిన్న హెచ్చరిక. ఈ ఆదేశం కొత్త వెర్షన్లలో యూజ్డ్ అంటే టోటల్ నుంచి అవైలబుల్ తీసేయగా మిగిలినది. పాత వాటిలో టోటల్ నుంచి ఫ్రీనీ, బఫ్/క్యాష్‌నీ తీసేసేవారు. పైన ఇచ్చిన అంకెలు పాత లెక్కలోవి. కాబట్టి రెండు సర్వర్ల యూజ్డ్ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు వెర్షన్ చూసుకోండి. అవైలబుల్‌కు ఈ బెడద లేదు.

రెండో అంచె: క్యాష్ పని చేయడం కళ్లారా చూడటం

చెప్పింది నమ్మడం కంటే చేసి చూడటం మేలు. సర్వర్లో 500 ఎంబీ ప్రాంతంలో ఉండి, ఈ మధ్య ఎవరూ తెరవని ఫైలు ఒకటి ఎంచుకోండి. పాత బ్యాకప్ అయితే బాగుంటుంది. ముందు ఫ్రీ నడిపి అంకెలు రాసుకోండి. తర్వాత "క్యాట్" ఆదేశంతో ఆ ఫైలును చదివించి, వచ్చేదాన్ని డెవ్ నల్‌లోకి (ఏది వేసినా మాయమయ్యే చోటు) మళ్లించండి. ఆదేశం ముందు "టైమ్" అని పెడితే ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. అదే ఆదేశాన్ని వెంటనే రెండోసారి నడపండి.

రెండోసారి పట్టిన సమయం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మెమరీలో ఉన్నదాన్ని అందుకోవడానికి వంద నానోసెకన్ల స్థాయి సమయం పడితే, ఎస్ఎస్‌డీకి వంద మైక్రోసెకన్ల స్థాయి పడుతుంది, అంటే వెయ్యి రెట్లు. తిరిగే హార్డ్ డిస్క్ అయితే పది మిల్లీసెకన్ల స్థాయి, అంటే లక్ష రెట్లు. ఇప్పుడు ఫ్రీ మళ్లీ నడపండి. బఫ్/క్యాష్ దాదాపు 500 ఎంబీ పెరిగి, ఫ్రీ ఆ మేరకు తగ్గి ఉంటుంది. ఖాళీ తక్కువగా ఉన్న సర్వర్లో అయితే పాత క్యాష్ ముక్కలు కొన్ని వెళ్లిపోయి వాటి స్థానంలో ఇవి చేరతాయి. అవైలబుల్ మాత్రం పెద్దగా కదలదు. ఈ ఒక్క ప్రయోగంతో చాలా భయం పోతుంది.

ఏ ఫైలు ఎంత మేరకు క్యాష్‌లో ఉందో చూడాలంటే "ఫిన్‌కోర్" అనే ఆదేశం ఉంది. ఫైలు పేరు ఇస్తే ఎన్ని పేజీలు మెమరీలో ఉన్నాయో చెబుతుంది. పేజీ అంటే సాధారణ సర్వర్లలో 4 కేబీ ముక్క, కెర్నల్ మెమరీని లెక్కపెట్టేది ఈ ముక్కల్లోనే. మా సైటులో స్కాన్లన్నీ కలిపి 11 జీబీ ఉంటే, ఏ రోజైనా పాఠకులు తిరగేసేది అందులో కొద్ది భాగమే. ఆ కొద్ది భాగం పేజీ క్యాష్‌లో కుదురుకుంటే డిస్క్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఇంజిన్‌ఎక్స్‌లో సెండ్‌ఫైల్ ఆన్ చేసి ఉంటే ఆ బొమ్మలు పేజీ క్యాష్ నుంచి నేరుగా నెట్‌వర్క్ సాకెట్‌లోకి వెళ్తాయి, ప్రోగ్రాము సొంత మెమరీలోకి నకలు కూడా తీసుకోవలసిన పని లేదు. ఎన్‌క్రిప్షన్‌తో పంపేటప్పుడు మాత్రం మామూలుగా నకలు తప్పదు. అప్పుడు కూడా డిస్క్ దాకా పోనక్కర లేకపోవడమే పెద్ద లాభం.

మూడో అంచె: క్యాష్ లోపల ఏముందో విడదీయడం

కెర్నల్ తన లోపలి లెక్కలు చూపే ప్రాక్ డైరెక్టరీలో మెమ్‌ఇన్ఫో అనే ఫైలు ఉంటుంది. దాన్ని క్యాట్‌తో చూడండి. వరుసలు చాలా ఉంటాయి కానీ మనకు కావలసినవి కొన్నే.

ముందుగా ఒక భేదం మనసులో పెట్టుకోవాలి. మెమరీలోని పేజీలు ప్రధానంగా రెండు జాతులు. డిస్క్ మీద ఫైలు ఆధారంగా ఉన్నవి ఒకటి, ఏ ఫైలూ ఆధారంగా లేనివి రెండోది. రెండోదాన్ని కెర్నల్ పరిభాషలో అనానిమస్ అంటారు. ప్రోగ్రాము నడుస్తూ తన కోసం అడిగి తీసుకున్న మెమరీ అంతా రెండో జాతిది. మొదటిదాన్ని ఎప్పుడైనా వదిలేసి మళ్లీ చదువుకోవచ్చు. రెండోదానికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు, వదిలించుకోవాలంటే స్వాప్‌లో రాయాల్సిందే. స్వాప్ లేకపోతే కదిలించడానికే వీలు లేదు. ఈ మార్గదర్శిలో మిగిలినదంతా ఈ భేదం మీదే నిలబడి ఉంది.

మెమ్‌ఇన్ఫోలో అనాన్‌పేజెస్ అన్న వరుస రెండో జాతి మొత్తాన్ని చూపిస్తుంది. క్యాష్డ్ అన్నది మొదటి జాతి, అయితే అందులో ఒక చిక్కుంది. ఎస్‌హెచ్‌మెమ్ అనే వరుస చూడండి. టెంప్‌ఎఫ్ఎస్ (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) మీద ఉన్న ఫైళ్లు, ప్రోగ్రాములు పంచుకునే మెమరీ ఇందులోకి వస్తాయి. ఇవి క్యాష్డ్ లెక్కలోనే కలిసిపోయి కనిపిస్తాయి, కానీ డిస్క్ మీద వీటికి ప్రతి లేదు. ఫ్రీ ఆదేశంలో షేర్డ్ అని వచ్చేది ఇదే. పీహెచ్‌పీ ఆప్‌క్యాష్ (నడపడానికి సిద్ధం చేసిన కోడ్‌ను దాచుకునేది) తీసుకునే మెమరీ కూడా ఇక్కడే చేరుతుంది, దాని మామూలు పరిమాణం 128 ఎంబీ.

షేర్డ్ అంకె వందల ఎంబీలు దాటి పెరుగుతూ పోతుంటే క్యాష్ పెద్దదిగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఎవరో మెమరీలోని ఫైల్ సిస్టమ్‌లో ఫైళ్లు నింపుతున్నారు. డెబియన్ 13 నుంచి టెంప్ డైరెక్టరీ కూడా మామూలుగా మెమరీలోనే ఉంటుంది, సగం మెమరీ దాకా పెరగగలదు. పీహెచ్‌పీ ద్వారా ఎక్కించే ఫైళ్లు ముందు అక్కడికే చేరతాయి. పెద్ద వీడియోలు ఎక్కించే సైటు ఉన్నవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

ఎస్‌రీక్లెయిమబుల్ అన్నది ఫైళ్ల పేర్లు, వాటి వివరాల కోసం కెర్నల్ ఉంచుకునే క్యాష్. లక్షల చిన్న ఫైళ్లున్న సర్వర్లో ఇది పెద్దదవుతుంది, అవసరమైతే కెర్నల్ దీన్ని కుదిస్తుంది. ఎస్‌అన్‌రీక్లెయిమ్ మాత్రం కెర్నల్ వదలలేనిది. వారాల తరబడి ఇది ఆగకుండా పెరుగుతుంటే కెర్నల్ లేదా డ్రైవర్‌లో లోపం ఉందని అనుమానించాలి. "స్లాబ్‌టాప్" ఆదేశం ఎవరు తింటున్నారో చూపిస్తుంది.

డర్టీ అన్న వరుస మార్పులు జరిగి ఇంకా డిస్క్‌కు చేరని పేజీలది. మామూలు సెట్టింగుల్లో 30 సెకన్లు దాటిన మార్పులను కెర్నల్ నేపథ్యంలో రాసేస్తుంది. చిన్న సైట్లలో దీని గురించి బెంగపడే అవసరం రాదు.

నాలుగో అంచె: ఒక్కో వర్కర్ నిజంగా ఎంత తింటోంది

లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "టాప్" ఆదేశంలోగానీ "పీఎస్" ఆదేశంలోగానీ ప్రతి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి. వీఎస్‌జెడ్ అన్నది ఆ ప్రాసెస్ అడిగి పెట్టుకున్న చిరునామాల విస్తీర్ణం. అడిగిందంతా వాడదు కాబట్టి దాన్ని పట్టించుకోకండి. ఆర్ఎస్ఎస్ అన్నది నిజంగా మెమరీలో ఉన్న భాగం. ఇది మెరుగైనదే, కానీ పంచుకున్న పేజీలను ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పూర్తిగా రాస్తుంది. ముప్పై పీహెచ్‌పీ వర్కర్లు ఒకే ఆప్‌క్యాష్‌ను, ఒకే లైబ్రరీలను పంచుకుంటాయి. ముప్పై ఆర్ఎస్ఎస్‌లను కూడితే ఆ పంచుకున్న భాగం ముప్పైసార్లు లెక్కలోకి వస్తుంది. ఉమ్మడి ఇంటి పెరటి బావిని అన్నదమ్ములు ఎవరికి వారు తమ ఆస్తిలో రాసుకుంటే ఊళ్లో బావులు ఎన్ని తేలతాయో, ఈ కూడికలో మెమరీ అంత తేలుతుంది.

సరైన కొలత పీఎస్ఎస్. ఇందులో పంచుకున్న పేజీని పంచుకున్నవారి సంఖ్యతో భాగించి ఎవరి వాటా వారికి వేస్తారు. 4.14 కెర్నల్ నుంచి ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ సంఖ్య కింద స్మ్యాప్స్ అండర్‌స్కోర్ రోలప్ అనే ఫైలు ఉంటుంది. రూట్ అనుమతితో దాన్ని తెరిస్తే ఆర్ఎస్ఎస్, పీఎస్ఎస్, ప్రైవేట్ భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. అన్ని ప్రాసెస్‌లకూ ఒకేసారి పట్టిక కావాలంటే "ఎస్‌మెమ్" అనే చిన్న సాధనాన్ని వేసుకోండి.

కొలిచే వేళ కూడా ముఖ్యం. సర్వీసును రీస్టార్ట్ చేసిన వెంటనే వర్కర్లు సన్నగా ఉంటాయి. రద్దీ వేళ, ఒక్కో వర్కర్ కొన్ని వందల అభ్యర్థనలు తీర్చాక కొలవండి. ఒకసారి పెరిగిన వర్కర్ తరచుగా మళ్లీ తగ్గదు. మెమరీని తీసుకుని, పంచిపెట్టే లైబ్రరీలు ఖాళీ అయినదాన్ని వెంటనే కెర్నల్‌కు తిరిగి ఇవ్వకపోవడం అందుకు ఒక కారణం. మా సైటులో ఒక్కో వర్కర్ సొంత భాగం రద్దీ వేళ 55 ఎంబీ చుట్టూ తేలింది. బొమ్మలను చిన్నవి చేసే పేజీ తగిలిన వర్కర్ మాత్రం 110 దాకా పోయేది.

అయిదో అంచె: వర్కర్ల లెక్క

ఉగాది నాడు డేటాబేసు ఎందుకు కూలిందో ఈ అంచెలో తేలింది. పీహెచ్‌పీ పూల్ సెట్టింగుల ఫైలులో పీఎం డాట్ మ్యాక్స్ అండర్‌స్కోర్ చిల్డ్రన్ అనే అంకె ఉంటుంది. ఒకేసారి ఎన్ని వర్కర్లు నడవవచ్చో చెప్పేది ఇదే. మా దగ్గర అది 80. అలా ఎందుకు పెరిగిందో పాత లాగ్‌లు చూస్తే తెలిసింది. వర్కర్లు చాలనప్పుడు పీహెచ్‌పీ తన లాగ్‌లో పరిమితి అందుకున్నానని, దాన్ని పెంచే విషయం ఆలోచించమని రాస్తుంది. ఆ సలహా చూసిన ప్రతిసారీ ఎవరో పెంచుతూ పోయారు. 80 వర్కర్లు, ఒక్కోటి 55 ఎంబీ చొప్పున 4400 ఎంబీ. సర్వర్లో ఉన్నదే 3915. మామూలు రోజుల్లో పది పదిహేను వర్కర్లకు మించి అవసరం పడదు కాబట్టి ఈ తప్పు ఎవరికీ కనిపించలేదు.

లెక్క ఇలా వేయండి. మొత్తం 3915 నుంచి మొదలుపెట్టండి. మరియాడీబీకి బఫర్ పూల్ (దాని సొంత క్యాష్) 768 ఎంబీ ఇచ్చాం, కనెక్షన్లకూ మిగతా వాటికీ కలిపి 1000 అనుకోండి. కెర్నల్, ఇంజిన్‌ఎక్స్, లాగ్‌లు, ఎస్ఎస్‌హెచ్ వంటివాటికి 350. పేజీ క్యాష్‌కు 900. ఆప్‌క్యాష్‌కు 128. ఇవన్నీ తీసేస్తే 1537 మిగులుతుంది. 55తో భాగిస్తే 27. కొన్ని వర్కర్లు బొమ్మల పనిలో ఉబ్బుతాయి కాబట్టి 22 దగ్గర ఆగాం.

ఇందులో పేజీ క్యాష్‌కు ఇచ్చిన 900ను చాలామంది వదిలేస్తారు. క్యాష్ అంటే మిగిలిపోయినది తినేది, దానికి వేరే వాటా ఎందుకు అనుకుంటారు. నా దృష్టిలో ఈ మొత్తం లెక్కలో అతి ముఖ్యమైన గీత అది. క్యాష్‌కు చోటు లేని సర్వర్ ప్రతి బొమ్మకూ, ప్రతి లైబ్రరీకీ డిస్క్ తలుపు తట్టాలి. అప్పుడు ఒక్కో అభ్యర్థన ఎక్కువసేపు పడుతుంది, వర్కర్లు ఎక్కువసేపు చిక్కుకుపోతాయి, కొత్త అభ్యర్థనలకు ఇంకా వర్కర్లు కావలసి వస్తాయి, అవి మిగిలిన క్యాష్‌ను కూడా మింగేస్తాయి.

22కు తగ్గిస్తే పాఠకులు వేచి ఉండరా అని అడుగుతారు. కొద్దిసేపు ఉంటారు. వర్కర్లన్నీ పనిలో ఉంటే కొత్త అభ్యర్థన సాకెట్ వరుసలో నిలబడుతుంది, ఖాళీ అయిన వెంటనే దాని వంతు వస్తుంది. మెమరీ చాలని 80 వర్కర్లు కలిసి ఈదులాడే కన్నా, 22 వర్కర్లు చకచకా పని ముగిస్తూ పోవడం ఎక్కువ మందిని గట్టెక్కిస్తుంది. తర్వాతి ఉగాదికి మేము చూసింది కూడా అదే.

పీఎం డాట్ మ్యాక్స్ అండర్‌స్కోర్ రిక్వెస్ట్స్ అనే మరో అంకెను 500 ప్రాంతంలో పెట్టండి. అన్ని అభ్యర్థనలు తీర్చాక వర్కర్ ముగిసి కొత్తది పుడుతుంది, ఉబ్బిన మెమరీ వెనక్కి వస్తుంది. అపాచీని ప్రీఫోర్క్ పద్ధతిలో నడిపేవారికి ఇదే లెక్క మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ అన్న సెట్టింగుకు వర్తిస్తుంది. దాని మామూలు విలువ 256, చిన్న సర్వర్‌కు అది చాలా పెద్దది.

ఆరో అంచె: కొరత నిజమా కాదా తేల్చడం

అవైలబుల్ బాగా తగ్గిందనుకోండి. ఇక సర్వర్ బాధపడుతోందా లేదా అని అడగాలి. దీనికి మూడు చోట్ల చూస్తాను.

"వీఎంస్టాట్" ఆదేశం పక్కన 1 పెట్టి నడిపితే సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుసను వదిలేయండి, అది సర్వర్ లేచినప్పటి నుంచి సగటు. ఎస్ఐ, ఎస్ఓ అన్న నిలువు వరుసలు స్వాప్ నుంచి లోపలికి వచ్చేది, బయటికి వెళ్లేది చూపుతాయి. స్వాప్‌లో 300 ఎంబీ నిండి ఉన్నా ఈ రెండూ సున్నాల్లో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఎప్పుడో వాడి వదిలేసిన పేజీలు అక్కడ నిద్రపోతున్నాయి, అంతే. రెండూ ఆగకుండా పరుగెడుతుంటే అది కొరత.

రెండోది ప్రాక్ డైరెక్టరీలోని ప్రెషర్ కింద మెమరీ అనే ఫైలు. ఫేస్‌బుక్ ఇంజనీర్లు రూపొందించగా 2018 డిసెంబరులో 4.20 కెర్నల్‌లో వచ్చింది. నా వరకు ఈ పదేళ్లలో సర్వర్లు చూసుకునేవారికి దొరికిన మేలైన కానుకల్లో ఇదొకటి. అందులో రెండు వరుసలుంటాయి. సమ్ (కొన్ని అని అర్థం) అన్న వరుస, ఏదో ఒక పని మెమరీ కోసం ఆగిపోయిన కాలం శాతాన్ని చెబుతుంది. ఫుల్ అన్నది, నడవవలసిన పనులన్నీ ఒకేసారి ఆగిపోయిన కాలం. 10 సెకన్లు, 60 సెకన్లు, 300 సెకన్ల సగటులు విడిగా ఇస్తుంది. ఎన్ని ఎంబీలు ఖాళీ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, మెమరీ వల్ల ఎంత సమయం పోతోందని అడుగుతుంది. ఫుల్ అరవై సెకన్ల సగటు సున్నా దగ్గర ఉంటే, ఫ్రీ ఆదేశం ఏం చూపినా నేను నిద్రపోతాను. కొన్ని పంపిణీల్లో దీన్ని బూట్ సెట్టింగులో ఆన్ చేసుకోవాలి.

మూడోది ప్రాక్ డైరెక్టరీలోని వీఎంస్టాట్ ఫైలులో వర్కింగ్‌సెట్ రీఫాల్ట్ అని మొదలయ్యే అంకెలు. క్యాష్ నుంచి తీసేసిన పేజీ కాసేపటికే మళ్లీ కావలసి వస్తే ఈ లెక్క పెరుగుతుంది. దించిన గుండిగను అటక ఎక్కించిన గంటకే మళ్లీ దించాల్సి రావడం లాంటిది. రద్దీ వేళ పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూసి, తేడా వేలల్లో ఉంటే మీ పనికి క్యాష్ చాలడం లేదు.

ఏడో అంచె: స్వాప్ విషయంలో ఒక నిర్ణయం

అద్దె సర్వర్లు చాలావరకు స్వాప్ లేకుండానే చేతికి వస్తాయి. స్వాప్ లేకపోతే సర్వర్ నెమ్మదించదు, నేరుగా కొరత తెలుస్తుంది అని కొందరు అంటారు. ఇది సగమే నిజం. అనానిమస్ పేజీలను కదిలించే దారి లేనప్పుడు కెర్నల్ దగ్గర వదిలించుకోవడానికి ఫైలు పేజీలే మిగులుతాయి. నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ కూడా డిస్క్ మీది ఫైలు నుంచి వచ్చినదే. కొరత ముదిరితే కెర్నల్ ఆ కోడ్ పేజీలనే తీసేసి, మరుక్షణం మళ్లీ చదువుకుంటుంది. స్వాప్ లేని సర్వర్ డిస్క్ రీడ్లతో ఊపిరాడక, లాగిన్ కూడా కాకుండా పది నిమిషాలు నిలిచిపోవడానికి తరచుగా ఇదే కారణం.

కాబట్టి 4 జీబీ సర్వర్‌కు ఒకటి రెండు జీబీల స్వాప్ ఫైలు పెట్టండి. "ఫాలొకేట్"తో ఫైలు తయారుచేసి, "సీహెచ్‌మోడ్"తో 600 అనుమతి ఇచ్చి, "ఎంకేస్వాప్"తో సిద్ధం చేసి, "స్వాప్‌ఆన్"తో ఆరంభించి, రీబూట్ తర్వాత కూడా ఉండేలా ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక గీత చేర్చాలి.

స్వాపినెస్ అనే సెట్టింగు గురించి ఒక అపోహ బాగా పాకింది. దాని మామూలు విలువ 60 కాబట్టి మెమరీ 60 శాతం నిండగానే స్వాప్ మొదలవుతుందని నమ్ముతారు. అలా కాదు. మెమరీ ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు అనానిమస్ పేజీలు తీయాలా, ఫైలు పేజీలు తీయాలా అన్న మొగ్గును చెప్పే తూకపు రాయి అది. డేటాబేసు ఉన్న సర్వర్లో 10కి తగ్గించడం మామూలే. ఆరో అంచెలోని కొలతలు చూడకుండా మాత్రం దాన్ని ముట్టుకోకండి.

ఎనిమిదో అంచె: కెర్నల్ ఎవరిని, ఎందుకు చంపింది

మెమరీ పూర్తిగా అడుగంటితే కెర్నల్ ఒక ప్రాసెస్‌ను చంపి మిగతావారిని బతికిస్తుంది. దీన్ని ఓఓఎం కిల్లర్ అంటారు. "జర్నల్‌సీటీఎల్" ఆదేశానికి హైఫన్, కె జోడించి చూస్తే ఔట్ ఆఫ్ మెమరీ అన్న మాటలతో ఆ నమోదు దొరుకుతుంది. కంటైనర్ (తన హద్దుల్లో విడిగా నడిచే ప్రోగ్రాము, డాకర్ వంటివి నడిపేది) అయితే 137 అన్న ముగింపు సంఖ్య దానికి గుర్తు, 128కి చంపే సంకేతం 9 కలిపితే వచ్చేది.

కెర్నల్ ఎంపిక ప్రధానంగా పరిమాణాన్ని బట్టి. అందరికంటే ఎక్కువ మెమరీ ఉన్న ప్రాసెస్ ముందు పోతుంది. వెబ్ సర్వర్లో అది దాదాపు ఎప్పుడూ డేటాబేసే. 80 పీహెచ్‌పీ వర్కర్లు తలా కొంచెం తిని మెమరీని అడుగంటించాయి, విడివిడిగా ప్రతి ఒక్కటీ చిన్నదే. శిక్ష మాత్రం నిబంధన ప్రకారం 1 జీబీ తీసుకుని కదలకుండా కూర్చున్న మరియాడీబీకి పడింది. అందుకే చచ్చినవాడే దోషి అని లాగ్ చూసి తీర్పు చెప్పకూడదు. ఆ నమోదు పైన ఆ క్షణంలో ఉన్న ప్రాసెస్‌లన్నిటి పట్టిక ఉంటుంది, అందులో ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

డేటాబేసును కాపాడాలంటే సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీలో దాని సర్వీసుకు ఓఓఎంస్కోర్‌అడ్జస్ట్ విలువను మైనస్ 600 దగ్గర పెట్టవచ్చు. ఇంతకంటే మేలైన పని, పీహెచ్‌పీ సర్వీసుకు మెమరీమ్యాక్స్ పరిమితి పెట్టడం. అప్పుడు పీహెచ్‌పీ హద్దు దాటితే తన గుంపులోనే ఎవరో ఒకరు పోతారు, పక్కింటివారికి హాని ఉండదు.

డేటాబేసు, కంటైనర్ల సంగతి

మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్ రెండూ తమ బఫర్ పూల్‌లో సొంత క్యాష్ ఉంచుకుంటాయి. అదే డేటా పేజీ క్యాష్‌లో కూడా చేరితే ఒకే సరుకు రెండు చోట్ల. ఫ్లష్ పద్ధతిని ఓ డైరెక్ట్‌గా పెడితే డేటా ఫైళ్లు పేజీ క్యాష్‌ను దాటి నేరుగా వెళ్తాయి. మైఎస్‌క్యూఎల్ 8.4లో లినక్స్ మీద మామూలుగా అలాగే వస్తోంది. బఫర్ పూల్ మామూలు విలువ 128 ఎంబీయే కాబట్టి పెంచుకోవాలి. పోస్ట్‌గ్రెస్ తీరు వేరు. అది పేజీ క్యాష్ మీద కావాలనే ఆధారపడుతుంది, షేర్డ్ బఫర్లను మెమరీలో నాలుగో వంతుతో మొదలుపెట్టమంటుంది. అక్కడ క్యాష్‌కు చోటు ఇంకా ఎక్కువ మిగల్చాలి.

డాకర్ కంటైనర్ లోపల ఫ్రీ నడిపితే మామూలుగా సర్వర్ మొత్తం అంకెలే కనిపిస్తాయి, కంటైనర్ వాటా కనిపించదు. సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకు హద్దులు పెట్టే కెర్నల్ ఏర్పాటు) డైరెక్టరీలోని మెమరీ డాట్ కరెంట్, మెమరీ డాట్ మ్యాక్స్ ఫైళ్లు చూడండి. కంటైనర్ చదివిన ఫైళ్ల క్యాష్ కూడా దాని ఖాతాలోకే వస్తుంది. కాబట్టి కరెంట్ విలువ పరిమితి దగ్గర ఆడుతుండటం ఒక్కటే ప్రమాద సూచన కాదు. మెమరీ డాట్ స్టాట్ ఫైలులో అనాన్ ఎంతో, ఫైల్ ఎంతో విడదీసి చూడాలి.

క్యాష్ ఖాళీ చేసే ఆదేశం, హెచ్చరికల గంట

డ్రాప్ క్యాషెస్ అనే సెట్టింగు నిజంగానే ఉంది. 1 రాస్తే పేజీ క్యాష్, 2 రాస్తే ఫైళ్ల పేర్లు, వివరాల క్యాష్, 3 రాస్తే రెండూ పోతాయి. డర్టీ పేజీలను అది ముట్టుకోదు కాబట్టి ముందు "సింక్" నడుపుతారు. చల్లటి క్యాష్‌తో సైటు ఎంత వేగంగా ఉంటుందో కొలవడానికి, పరీక్షా సర్వర్లో, దీన్ని వాడండి. జనం తిరిగే సర్వర్లో క్రాన్‌లో ఇది కనిపిస్తే వెంటనే తీసేయండి. కెర్నల్ తనంతట తాను అవసరమైన క్షణంలో, అవసరమైనంతే, తక్కువగా వాడే పేజీలతో మొదలుపెట్టి చేసే పనిని ఈ ఆదేశం గడియారం చూసి గుడ్డిగా చేస్తుంది.

హెచ్చరికల గంటను కూడా మార్చండి. యూజ్డ్ 90 శాతం దాటితే మోగేదాన్ని తీసేసి, అవైలబుల్ మొత్తంలో పదో వంతుకు తగ్గి అయిదు నిమిషాలు అలాగే ఉంటే ఒకటి, మెమరీ ప్రెషర్‌లో ఫుల్ అరవై సెకన్ల సగటు 5 దాటితే ఒకటి, ఓఓఎం నమోదు కనిపిస్తే ఒకటి పెట్టుకోండి. మా సర్వర్‌కు ఈ మూడే ఉన్నాయి. పీహెచ్‌పీ వెర్షన్ మార్చినప్పుడు, కొత్త ప్లగిన్ వేసినప్పుడు నాలుగో అంచెకు తిరిగి వెళ్లి వర్కర్ బరువును మళ్లీ తూచి, 22ను సరిచూస్తాను. ఏటా ఉగాదికి వారం ముందు ఒకసారి తప్పకుండా.